చింతపండుతో కడిగిన పెట్టె

బర్మాలో, యాంగోన్ నగరం పజుండౌంగ్ పేటలో తులసమ్మ ఉండే వాటాలో ఆయుధపూజకి ఒక పద్ధతి ఉంది. ఆవిడ మొగుడు బతికున్న రోజుల్లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. దసరా వచ్చిందంటే స్పానర్లూ సుత్తులూ ఆకురాళ్ళూ ఇంటికి మోసుకొచ్చేవాడు. వాటిని చింతపండుతో తోమి, నీళ్ళతో కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి అమ్మవారి ముందు సర్దడం తులసమ్మ వంతు. మర్నాడు కొబ్బరికాయ కొట్టేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన పోయి చాలాకాలమైంది. అయినా పనిముట్లు అలాగే ఉన్నాయి, పద్ధతీ అలాగే ఉంది. చింత చచ్చినా పులుపు చావదు కదా.

ఆ ఇంట్లోనే వెనకగదిలో మనవరాలు హైమ ఒక రికార్డు కంపెనీ నడుపుతోంది. కంపెనీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, రెండు స్పీకర్లు, ఒక లాప్‌టాప్, చప్పుళ్ళు దాచుకుని మీటలు నొక్కితే దరువులుగా వాయించే డ్రమ్ మెషీన్ పెట్టె ఒకటి. పేరు మాత్రం ఘనమైనదే, మీలాబీ రికార్డ్స్. యాంగోన్‌లో పోయిన కరెంటు తిరిగొచ్చినప్పుడు వీధి వీధంతా ‘మీ లా బీ’ అని అరుస్తుంది, కరెంటొచ్చిందని. ఆ అరుపునే హైమ కంపెనీకి పేరుగా పెట్టుకుంది. మనుషులు ఒళ్ళు మరిచి ఆడే ఎలక్ట్రానిక్ పాటలు చేయించి, ఇంటర్నెట్ దయతలచిన పూట లోకం మీదకి వదులుతుంది. ఎక్కడో కొరియాలో, పోలండ్‌లో వాటికి అభిమానులున్నారు. పక్కవాటాలో మాత్రం ఒక్కరూ లేరు.

తులసమ్మ దృష్టిలో అదంతా ఆట. ఎవరైనా అడిగితే మనవరాలు ఇంట్లో ఖాళీగానే ఉందని చెప్పేది. ప్రతి దసరాకీ హైమ తన డ్రమ్ మెషీన్‌కి కూడా బొట్టు పెట్టమని అడగడం, “ఆటబొమ్మకి బొట్టేటే?” అని మామ్మ తోసిపుచ్చడం మామూలే. హైమ నవ్వేసి ఊరుకునేది గానీ లోపల ముల్లులా గుచ్చుకునేది.

ఈ ఏడు దసరాకి ఆ డ్రమ్ మెషీన్‌లో మల్లిక పాటలున్నాయి. మల్లిక ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసిన పిల్ల. తండ్రి తెలుగు, తల్లి బర్మా. పనిలో ఉండగా వరసలు వరసలుగా కుట్టు మిషన్ల చప్పుడూ, ఆవిరి ఇస్త్రీ బుసలూ, కత్తెర్ల టకటకా ఫోన్‌లో పట్టి దాచుకుంది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. గడవక ఫోన్ అమ్మేసింది. అమ్మేముందు ఆ చప్పుళ్ళన్నీ హైమ పెట్టెలోకి ఎక్కించి, రోజూ బస్సెక్కి వచ్చి వాటితో పాటలు కట్టింది. హైమ ఇన్నాళ్ళ కంపెనీలో అంత మంచి రికార్డు రాలేదు. లాప్‌టాప్ హెచ్చు కరెంటుకి కాలిపోయి రిపేరులో ఉంది. అందుకని పాటలకి ఇంకో కాపీ అంటూ ఎక్కడా లేదు. దసరా వెళ్ళాక చూసుకుందాంలే అనుకుంది హైమ.

ఆయుధపూజ నాడు హైమ బజారుకెళ్ళి పూలూ అరటిపళ్ళూ తెచ్చేసరికి ఇంట్లో చింతపండు వాసన. వంటగది గట్టు మీద సుత్తులూ స్పానర్లూ తళతళలాడుతూ ఆరుతున్నాయి. వాటి పక్కనే బోర్లించి ఉంది డ్రమ్ మెషీన్. మీటల సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

హైమకి పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో పూలబుట్ట ఎక్కడ పడేసిందో ఆమెకే తెలీదు. పరుగున వెళ్ళి పెట్టెని తిరగేసింది. టార్చిలైటు కోసం బ్యాటరీలు ముందే తీసేసి ఉండడం ఆమె అదృష్టం. అలమర్లోంచి కొత్త బ్యాటరీలు తీసి ఎక్కించబోయింది. పాటలున్నాయో పోయాయో ఆ క్షణానే తెలియాలి.

తులసమ్మ వచ్చి మణికట్టు పట్టుకుంది. ముసలిదే గానీ ఇనుము తోమిన చెయ్యి. “ముట్టుకోకే. పూజకి ఎట్టీసినాను. రేపు కాయ కొట్టేదాకా తియ్యకూడదు.”

“మామ్మా, దీన్ని నీళ్ళలో కడుగుతారా ఎవరైనా? మల్లిక పాటలన్నీ ఇందులోనే ఉన్నాయి. పోతే మళ్ళీ రావు.”

తులసమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా చెయ్యి వదల్లేదు. “రేపటిదాకా ముట్టకూడదు,” అంది మళ్ళీ, ఈసారి చిన్నగా.

ఏడుపూ కోపమూ కలిసొచ్చి హైమ వరండాలోకి పోయి కో కో కి ఫోన్ చేసింది. అతను కంపెనీలో భాగస్తుడు, లాప్‌టాప్ బాగుచేస్తున్నది అతనే. సంగతంతా విని బర్మా భాషలో ఒకే ఒక్క మాట అడిగాడు, ఆన్ చేశావా అని.

“మామ్మ చెయ్యనివ్వలేదు.”

“అయితే వెళ్ళి ఆవిడ కాళ్ళకి దండం పెట్టు,” అన్నాడు. తడి మీద ఆన్ చేస్తే మాడి ఊరుకుంటుంది, బాగా ఆరితే బతకొచ్చు, కచ్చితంగా చెప్పలేను అన్నాడు.

దండం పెట్టే మనసు హైమకి అప్పుడు లేదు. ముంచిందీ ఆవిడే, ఆపిందీ ఆవిడే. బయట వాన ఇంకా పూర్తిగా వెళ్ళిపోలేదు. ఉతికిన జాకెట్టే ఆరని గాలి. కరెంటు లేదు కాబట్టి ఫ్యానూ లేదు. లోపలికి తొంగి చూస్తే తులసమ్మ అమ్మవారి ముందు బాసింపట్టు వేసుక్కూచుని, పెట్టెకి పసుపూ బొట్టూ పెట్టి, దానికి విసనకర్రతో విసురుతోంది. తట్టు పోసిన పిల్లకి విసిరినట్టు, ఈ చెయ్యి నొస్తే ఆ చెయ్యి మారుస్తూ. హైమ వెళ్ళి పక్కన కూర్చుంది. కాస్సేపటికి విసనకర్ర అందుకుంది.

మర్నాడు పొద్దున్నే మల్లిక వచ్చింది, ఏ పాట ముందు ఏది వెనక అని తేల్చుకోడానికి. చేతిలో ఊరబెట్టిన టీ ఆకుల సలాడు పొట్లం, మొహం నిండా సంబరం. హైమ దాచలేదు. గుమ్మంలోనే జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

మల్లిక ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది. ఆ పిల్ల చెప్పులు విప్పి, లోపలికొచ్చి, తులసమ్మ చేతిలో విసనకర్ర తీసుకుని తను విసరడం మొదలుపెట్టింది. దానికంటే తిట్టినా బాగుండేదనిపించింది హైమకి.

తులసమ్మ హారతిచ్చి కొబ్బరికాయ కొట్టింది. “ఇప్పుడు తియ్యే,” అంది.

బ్యాటరీలు పెట్టబోతుండగా కింద వీధిలో అరుపు లేచింది, ‘మీ లా బీ’ అని. ఫ్యాను తిరిగింది. హైమ మీట నొక్కింది. పెట్టెలో చలనం లేదు. మల్లిక కళ్ళు మూసుకుంది. ఇంకోసారి గట్టిగా నొక్కేసరికి ఎర్రదీపాలు వరసగా వెలిగాయి. చిన్న తెర మీద పాటల పేర్లన్నీ ఒక్కటీ తగ్గకుండా వచ్చి నిలబడ్డాయి.

హైమ నేల మీద కూలబడి భోరుమంది. మల్లిక ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే ముసలామెని వాటేసుకుంది. పోయిన ప్రాణం లేచొచ్చిందంటారే, ఆ గదిలో ముగ్గురికీ ఒకేసారి లేచొచ్చింది. అన్నిటికంటే ముందు హైమ చేసిన పని, కో కో ని బాగుచేసిన లాప్‌టాప్‌తో సహా రప్పించి పాటలన్నిటికీ కాపీలు తీయించడం. ఆ తర్వాతే ఎవరికైనా టీ గుర్తొచ్చింది.

మల్లిక ఒక పాట స్పీకర్ల మీద పెట్టింది. తులసమ్మ మొదటిసారి వెనకగది గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నది. “కుట్టు మిషన్లు కదే ఇవి. మజ్జిలో ఇస్త్రీ.” తల ఆడించడం తనకే తెలీకుండా మొదలైంది.

మనసు తేలికపడ్డాక హైమ అడిగింది. “ఇన్నేళ్ళు బొట్టు పెట్టమంటే పెట్టలేదు. ఈ ఏడేంటి మామ్మా, ఏకంగా కడిగేశావు?”

తులసమ్మ కొంగుతో పెట్టె అంచు తుడుస్తూ, గడ్డంతో మల్లికని చూపించి చెప్పింది. “ఈ గుంటకి పని పోయింది. అయినా తెల్లారేసరికి టిఫిను గిన్నె అట్టుకుని డూటీకొచ్చినట్టు ఇక్కడికొచ్చీది. పొద్దోయేదాకా నువ్వూ అదీ నడుం ఎత్తీవోరు కాదు. మీ తాత లేత్ కాడ అలాగే వొంగీవోడు. పనిముట్టు కాకపోతే కడుగుతానేటే?”

హైమకి ఎప్పటినుంచో గుచ్చుతున్న ముల్లు ఎప్పుడు ఊడిందో కూడా తెలీలేదు. నిన్న పెట్టని దండం అప్పుడు పెట్టింది, వంగి, రెండు పాదాలూ ముట్టుకుని.

“వచ్చే ఏడు కడక్కు మామ్మా. బొట్టు చాలు.”

“సర్లే, తుడిసి ఎడతాను,” అంది తులసమ్మ. ఓ మీట సందులో ఇరుక్కున్న చింతపండు పీచుని పిన్నీసుతో లాగుతూ, ఇందాకటి పాట ఇంకోసారి పెట్టమంది.