దించని మగ్గు

మగ్గు లోపల బొటనవేలితో బట్ట తిప్పి, అంచు మీద ఆవిరి ఊది, మళ్ళీ తుడిచింది నోలా. మోకాళ్ళు రెండూ పొద్దుటినుంచే మొరాయిస్తున్నాయి. స్టూలెక్కి ఆ మగ్గును కొక్కేనికి తగిలించి, పక్కదాన్ని అందుకుంది. సాయంత్రానికల్లా ఇవన్నీ దించేయాల్సినవే. అయినా మాసిన మగ్గుతో మనిషిని సాగనంపడం ఆమెకు చేతకాదు.

వరింబా వైమానిక స్థావరంలో సార్జెంట్ల మెస్ అది. బార్ బల్లకు పైన, గోడనుంచి గోడదాకా ఒకే యూకలిప్టస్ దూలం. దూలం నిండా ఇత్తడి కొక్కేలు. కొక్కేనికో తగరపు మగ్గు, మగ్గు మీద పేరు. బదిలీ మీద వచ్చినవాడు మొదటిరోజున తన మగ్గు తానే తగిలించుకుంటాడు. ఆ తర్వాత దాని మీద వాడి చెయ్యి పడకూడదు. తాగడానికైనా, పోయేరోజున తీసుకుపోవడానికైనా, బల్ల వెనకున్న మనిషే దించి ఇవ్వాలి. మగ్గు కొక్కేనికి ఉన్నంతకాలం మనిషి ఇక్కడివాడే. ఇది ఏ నియమావళిలోనూ రాసిలేదు. అందుకే ఎవరూ తప్పలేదు.

పేరుకే ఇది స్థావరం. ఇందులో ఉన్నదంతా జంగమమే. యుద్ధం రోజుల్లో బాంబర్ల దళం ఉండేది. వాళ్ళ మగ్గులు కొన్నింటికి మనుషులే తిరిగి రాలేదు. తర్వాత హెలికాప్టర్ల దళం దిగింది, పైకప్పు రేకులు ఊడబెరికినంత పనిచేసి ఉత్తరానికి పోయింది. ఆనక నిఘా విమానాలవాళ్ళు, సిగ్నళ్ళవాళ్ళు, రన్‌వే మరమ్మతులవాళ్ళు. దళమంటే ఆకు కూడా కదా, రాలడంలో వింతేముంది? హెలికాప్టర్ల కాలంలో, పెళ్ళయిన కొత్తలో, ఈ బల్ల వెనకకు వచ్చింది నోలా. మొగుడు పోయినా బల్ల వదల్లేదు. మగ్గుల మధ్యే మగ్గింది. ఇప్పుడు మిగిలింది రవాణా విమానాల దళం ఒక్కటే. ఇవాళ అదీ పోతోంది. దాంతో స్థావరానికే తాళం.

ఇన్నేళ్ళలో నోలాకు మగ్గు లేదు. ఆమె సభ్యురాలు కాదు, పనిమనిషి. సింకు పక్కన నిలబడి, పిడి విరిగిన పింగాణీ కప్పులో టీ తాగుతుంది. దూలం చివర, కిటికీ దగ్గర, ఒక కొక్కెం ఎప్పుడూ ఖాళీ. దాన్ని కూడా రోజూ మెరుగుపెడుతుంది. అది తనదైతే బాగుండునని ఎప్పటినుంచి అనుకుంటోందో ఆమెకే గుర్తులేదు. ఎవరికీ చెప్పలేదు. అడిగి తగిలించుకున్నది మగ్గే కాదని ఆమె లెక్క.

రన్‌వే మీద ఏదో విమానం లేచింది. దూలం మీది మగ్గులన్నీ ఒకదాన్నొకటి తాకి గలగలమన్నాయి.

"తాగకముందే తూలుతున్నారు, సిగ్గులేదూ?" అంది వాటితో, రోజూలాగే.

మధ్యాహ్నం దాటాక దళమంతా వచ్చిపడింది. మాంసం కూరిన ‘పై’ రొట్టెల మీద టమాటా సాస్ ఒలుకుతోంది, పెట్టెలు గుమ్మంలోనే ఉన్నాయి. వారెంట్ ఆఫీసర్ డారిల్, ఆరడుగుల మనిషి, మాటల్లో పడి తన మగ్గు వైపు చెయ్యి చాపాడు. ఆ చేతి మీద నోలా తడిబట్ట ఫటేల్మంది.

"అబ్బా! ఆఖరిరోజు కూడానా, నోలక్కా?"

"మొదటిరోజు నేర్పింది ఆఖరిరోజు మరిచిపోవడానికా? పేరుకి వారెంట్ ఆఫీసరువి. ముందు నీకే ఇప్పించాలి వారెంటు."

"నీ కింద బతకడం కంటే యుద్ధం నయమే!"

"యుద్ధంలో ఇంత చల్లటి బీరు ఎవడు పోస్తాడ్రా? కూర్చో."

ఒక్కొక్కటే దించింది. నింపింది. తాగాక కడిగి, తుడిచి, రెండు చేతులతో అందించింది. సార్జెంట్ కైలీ మగ్గు పుచ్చుకుని ఏడ్చేసింది.

"బీరులో ఉప్పు కలపకే తల్లీ," అంది నోలా, ఆమె వైపు చూడకుండా.

దూలం బోడిదైంది. అప్పుడు డారిల్ గొంతు సవరించుకుని, నూనె మరకల గుడ్డలో చుట్టిందేదో బల్ల మీద పెట్టాడు.

తగరపు మగ్గు. దాని మీద నోలా పేరు.

"హ్యాంగర్ షెడ్డులో మనవాళ్ళే చెక్కారు. అక్షరాలు కాస్త వంకర."

నోలా వాటి మీద బొటనవేలు పోనిచ్చింది.

"ఓటు వేసే చేర్చుకున్నాం అక్కా. ఒక్కడూ కాదనలేదు. కాదంటే బీరెవరు పోస్తారు?"

అందరూ నవ్వారు. ఆమె మగ్గును ఏప్రాన్‌తో తుడిచింది, మాసి లేకపోయినా. స్టూలును కిటికీ దాకా జరుపుకుని ఎక్కింది. మొదటిసారి కొక్కెం తప్పింది. రెండోసారి పట్టింది. చప్పట్లు మోగుతుంటే కిందికి దిగి, ఏం చెయ్యాలో తోచక చేతులు ఏప్రాన్‌లో దాచుకుంది.

"జరుగు. నీ మొదటి బీరుకి బల్ల వెనక నేనుంటా," అంటూ డారిల్ ఇవతలికొచ్చి, ఆ మగ్గు కోసం చెయ్యెత్తాడు.

ఫోను మోగింది. పడమట తుపాను లేస్తోంది, ఇప్పుడే లేవకపోతే రేపటిదాకా లేవలేరు. కుర్చీలు కిర్రుమన్నాయి, పెట్టెలు గుమ్మంలో గుద్దుకున్నాయి. కైలీ నోలాను వాటేసుకుని పరుగెత్తింది. డారిల్ వెనక్కి నడుస్తూనే అరిచాడు. "కొత్తచోట నన్ను కొట్టేవాళ్ళెవరే అక్కా!"

వాళ్ళను విమానం దాకా చేర్చే బస్సు కదిలింది. నోలా సాస్ మరకలు తుడిచింది, నేల ఊడ్చింది. అప్పుడు తలెత్తి తన మగ్గు వైపు చూసింది.

తాళాలు వేసే గుత్తేదారు మనిషి లోపలికొచ్చి అటే చూశాడు.

"అదొకటి మరిచిపోయారమ్మా వాళ్ళు."

"అది నాదే."

"తీసుకోండి మరి. అందకపోతే నేను దించుతా."

"బల్ల వెనకున్నవాళ్ళే దించాలి, నాయనా."

"బల్ల వెనక మీరేగా ఉంది?"

"అదేగా చిక్కు," అని నవ్వింది నోలా. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. దించితే తనూ వెళ్ళిపోయినట్టే.

స్టూలును బల్ల కిందికి తోసింది. తడిబట్ట పిండి కుళాయి మీద ఆరేసింది. పిడి విరిగిన కప్పును సంచిలో వేసుకుని, తాళాలవాడికి తలూపి, ఎర్రదుమ్ములో కారు దాకా మెల్లగా నడిచింది. ఒకసారైనా వెనక్కి చూడలేదు.

ఆఖరి విమానం మబ్బుల కిందనుంచి లేచింది. గులాబిరంగు కాకతువా చిలకలు గుంపుగా చెదిరాయి. తాళం పడిన మెస్ కిటికీ అద్దాలు అదిరాయి. లోపల, బోడి దూలం చివర, తగలడానికి పక్కన ఇంకో మగ్గు లేక, నోలా మగ్గు చప్పుడు చేయకుండా ఊగుతోంది.