ఇప్పలూరి చేయడం

ఇప్పలూరి వీరభద్రానికి వరంగల్ చౌరస్తా దగ్గర ఇనుప సామాన్ల దుకాణం. తమ్ముడు రాజేశ్వర్ రావు డెబ్బై ఎనిమిది ఎన్నికల్లో గెలిచి ఎమ్మెల్యే అయ్యాడు. ప్రచారం జరిగిన నెల రోజులూ కార్యకర్తలకు వండి వడ్డించింది వీరభద్రం భార్య విజయలక్ష్మి. గెలిచిన నాడు పూలదండ పడింది మాత్రం తోటికోడలు అరుణ మెడలో.

ఆనాటి నుంచి విజయలక్ష్మికి కడుపు రగులుతూనే ఉంది. అరుణ ఇంటికి ఫోన్ వచ్చింది. మేడ లేచింది. సిమెంటుకు కరువున్న కాలమది, పర్మిట్ లేనిదే బస్తా దొరికేది కాదు. మేడ కడుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం లారీ డ్రైవరు విజయలక్ష్మినే ఇంటావిడ అనుకొని అడిగాడు, "అమ్మా, బడి పేరు మీది సిమెంటు ఏడ దించాలె?" బడి కట్టడానికి ఇచ్చిన సిమెంటు మేడకు పోతోందని ఆమెకు అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. సిమెంటు ఏజెన్సీ మరిది తమకే ఇప్పిస్తాడని ఆశ. అది అరుణ తమ్ముడు గోపాల్‌కు పోయింది. ఆ రోజు విజయలక్ష్మి అన్నం ముట్టలేదు.

ఎనభైలో ఒక పొద్దున ఆమె కిరోసిన్ లైన్లో నిలబడి ఉంది. పక్క నుంచి కొత్త అంబాసిడర్ కారు పోయింది. వెనక సీట్లో అరుణ, పట్టుచీరలో. తోటికోడలిని చూసిందో లేదో గానీ కారు ఆగలేదు. ఎండలో డబ్బా పట్టుకుని నిలబడ్డ విజయలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. తన వంతు వచ్చేసరికి డీలరు నర్సయ్య కొలపాత్ర నిండకుండానే డబ్బాలోకి వంచాడు.

"ఏం నర్సయ్యా, నువ్వు సుత ఇప్పలూరి చేస్తానవా?" అంది గట్టిగా.

లైనంతా తలలు తిప్పి చూసింది. ఆ వెంటనే నవ్వులే నవ్వులు. ఎమ్మెల్యే సొంత వదినే అన్నాక ఇక అనుమానం ఎవరికి? సాయంత్రానికి మాట బజారు దాటింది. నెల తిరక్కుండా, గోళీలాటలో తొండి చేసినవాణ్ణి పిల్లలు "ఇప్పలూరోడా" అని వెక్కిరించసాగారు. లంచం అనే మాట వాడే పనే లేకుండా పోయింది. "ఆ ఆఫీసుల ఇప్పలూరి లేంది ఫైలు కదలది" అనేవారు.

కేసముద్రం నుంచి బస్సులో వస్తుంటే, టికెట్ కొట్టకుండా పైసలు జేబులో వేసుకున్న కండక్టరును ఒక ముసలమ్మ అదే మాటతో కడిగేసింది. విజయలక్ష్మి కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. 'ఇప్పుడు తిరుగు కారుల' అనుకుంది అరుణను తలుచుకుని. అరుణ ఇంటిపేరే తన ఇంటిపేరు కూడా అన్న సంగతి ఆ సంబరంలో ఆమెకు తట్టలేదు.

హసన్‌పర్తి రైతు యాకయ్య మేకులు కొనడానికి దుకాణానికి వచ్చిన రోజు తట్టింది. భర్తకు సద్ది తెచ్చిన విజయలక్ష్మి అక్కడే ఉంది.

"సేటూ, జర మంచిగ తూకమెయ్యి. ఇప్పలూరి చెయ్యకు" అన్నాడు యాకయ్య, అలవాటుగా. అని, తలెత్తి బోర్డు చూసి నాలిక కరుచుకున్నాడు. "తప్పైంది సేటూ, నిన్ను గాదు."

ఇరవై ఏళ్ళుగా ముల్లు మొగ్గేదాకా తూచి, ఆపైన గుప్పెడు మేకులు కలిపే మనిషి వీరభద్రం. ఎప్పటిలాగే తూచి, గుప్పెడు కలిపి, పొట్లం కట్టి ఇచ్చాడు. మర్నాడు పెయింటర్‌ను పిలిచి బోర్డు మీద ఇంటిపేరు చెరిపించాడు.

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ విజయలక్ష్మి ఉండబట్టలేకపోయింది.

"ఆ మాట ముందుగాల అన్నది నేనే."

"ఎరుకే" అన్నాడు వీరభద్రం. "లైన్ల నీ ఎనక నిలబడ్డ మొగిలమ్మ ఆనాడే చెప్పింది."

"మరి నన్నెందుకు అడగలే? బడి సిమెంటు లారీ ఆళ్ళింటికి వచ్చుడు నా కండ్లతోని చూసిన."

"ఏమని అడుగుదు? అబద్ధమాడలేదు గద." ముద్ద కలుపుతూ ఆగాడు. "కాని లారీ ఇంటిముందు ఆగినప్పుడే చెప్తే బడి లేచేది. నువ్వు అప్పుడు చెప్పలే. కారు సూసినంక చెప్పినవ్."

విజయలక్ష్మి చారు గిన్నె కింద పెట్టి వంటింట్లోకి పోయింది. ఏడుద్దామంటే కన్నీళ్ళు రాలేదు. భర్త మాటలో తప్పెక్కడుందా అని చాలాసేపు వెతికింది. దొరకలేదు.

ఎనభై మూడులో రాజేశ్వర్ రావు ఓడిపోయాడు. మేడ అమ్మేసి హైదరాబాద్‌లో కాంట్రాక్టులు చూసుకుంటానన్నాడు. పోయేముందు అరుణ వచ్చి విజయలక్ష్మి భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

"ఈ ఊర్ల మొఖం ఎత్తుకోలేకపోతున్నం అక్కా. ఎవరు పుట్టించిన్రో ఆ మాట! ఆడనైతే ఇప్పలూరి అంటే ఎవరికీ తెల్వదట."

విజయలక్ష్మి ఆమె వీపు నిమిరింది. చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. తమకు మాత్రం పోవడానికి ఇంకో ఊరు లేదు. కూతురు నిర్మలకు ఏ సంబంధం వచ్చినా మొదట అడిగేది ఇంటిపేరే. మేడను చూసి కుళ్ళుకుంది, కారును చూసి కుళ్ళుకుంది గానీ, ఎవరూ ఎరగని చోటికి పోతున్న అరుణను చూసి కుళ్ళుకున్నంతగా విజయలక్ష్మి ఎన్నడూ కుళ్ళుకోలేదు.

"పోయి రా చెల్లె" అంది. "పైలం."