పెరటి తలుపున్న గది

ఆ శనివారం సాయంత్రం మా ఇంట్లో నాన్న, అమ్మ, మామ్మ, నేను ఉన్నాం. మామ్మ అంటే నాన్న తల్లి, ఎలీసమ్మ. వరండాలోనూ ముందు గదుల్లోనూ అద్దెకుంటున్న ఏడుగురు మగవాళ్లు ఉన్నారు. ఇంటి ప్రార్థనకి వచ్చిన ఇమ్మానుయేలు పాస్టరుగారు, ఆయన భార్య, మార్తమ్మ పెద్దమ్మ, ఆమె కోడలు, మా సంఘంలోని ఆడవాళ్లు ఇంకొందరు ఉన్నారు. పాస్టరుగారిని మేము అయ్యగారు అంటాం, ఆయన భార్యని అమ్మగారు అంటాం. ప్రార్థన వెనక గదిలో పెట్టాం. వంటిల్లు కాక మా ఇంట్లో మాకు మిగిలింది ఆ గది ఒక్కటే.

మా ఊరు భోగాపురానికి దగ్గర. విమానాశ్రయం పనులు మొదలవక ముందు మా ఊళ్లో గదులు అద్దెకిచ్చే అలవాటే లేదు. బడికి కొత్త టీచరు వస్తే ఎవరో ఒకరు గది ఇచ్చి, కరెంటు బిల్లు కట్టుకుంటే చాలనేవారు. ఇప్పుడు పని కోసం వచ్చినవాళ్లకి గదులు చాలడం లేదు. మొదట హైవే పక్క ఇళ్లు నిండాయి, తరవాత చర్చి వీధి, ఆ తరవాత మా వీధి. అద్దెలతో పాటు స్థలాల రేట్లూ పెరిగాయి. బస్సులో, కుళాయి దగ్గర, ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద అందరిదీ ఒకటే మాట. రోడ్డు పక్క సెంటు ఎంత, లోపలికి ఎంత, సముద్రం వైపు ఎంత. అరసవల్లిలో ఉండే మా మేనత్త ఫోన్ చేసినా ముందు అదే అడుగుతుంది. మా ఆరోగ్యాలు తరవాత అడుగుతుంది.

మా నాన్న ఏసుదానం టైలరు. వరండాలో మిషను పెట్టుకుని కుట్టేవాడు. మొదట ముందు గది ఒక్కటే అద్దెకిచ్చాడు. ఆ అద్దె చూసుకుని నాతవలస దారిలో కొత్తగా వేసిన లేఅవుట్లో ఒక ప్లాటు వాయిదాల మీద తీసుకున్నాడు. వాయిదాలకి ముందు గది అద్దె చాలలేదు, మధ్య గది ఇచ్చాడు. తరవాత మిషను వంటింట్లోకి వచ్చింది, వరండా కూడా ఇచ్చేశాడు. కొన్ని ఆదివారాలు మమ్మల్ని ప్లాటు చూడటానికి తీసుకెళ్తాడు. అక్కడ నాలుగు హద్దురాళ్లు, మధ్యలో ముళ్ల మొక్కలు ఉంటాయి. నాన్న ఒక రాయి మీద కూర్చుని, పోయిన నెల కంటే ఇప్పుడు ఎంత పెరిగిందో చెబుతాడు. అలాగైతే అమ్మేద్దాం అని అమ్మ అంటే, పెరుగుతున్నదాన్ని ఎవరైనా అమ్ముకుంటారా అంటాడు.

మా ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. వీధి వైపు వరండా, తరవాత ముందు గది, మధ్య గది, చివర వెనక గది, దాన్ని ఆనుకుని వంటిల్లు. వెనక గదికి పెరట్లోకి తలుపుంది. పెరట్లోంచి సందులోకి, సందులోంచి బస్సు దగ్గరికి వెళ్లవచ్చు. ముందు భాగమంతా అద్దెకిచ్చాక నేను కాలేజీకి ఆ దారినే వెళ్తున్నాను. పదో తరగతి వరకు మా ఊరి బడిలో చదివాను, ఇప్పుడు విజయనగరంలో ఇంటర్ రెండో సంవత్సరం. నాకు నలుగురిలో గొంతు రాదు. క్లాసులో హాజరు పిలిచినప్పుడు నా బదులు నా స్నేహితురాలు రేఖే చాలాసార్లు పలికింది. చెప్పాలనుకున్నవన్నీ రాత్రి డైరీలో రాసుకుంటాను.

ఆ వారం బ్రోకరు కొండబాబు వచ్చి, భార్యతో సహా దిగే ఇంజనీరు ఒకాయనకి విడిగా గుమ్మం ఉన్న గది కావాలన్నాడు. మా వెనక గదికి, వంటింటికి కలిపి ఆయన ఇస్తానన్న అద్దె మిగతా ఇల్లంతటికీ వచ్చేదానికంటే ఎక్కువ. నాన్న ఒప్పుకున్నాడు. మేమందరం మేడ మీద రేకుల షెడ్డులోకి మారాలి. మేడ మెట్లు వరండాలోంచే ఉన్నాయి. అంటే నేను కాలేజీకి వెళ్లాలన్నా, తిరిగి రావాలన్నా ఆ ఏడుగురి మధ్యలోంచి నడవాలి.

వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఎక్కువమంది ఒడిశా వైపు వాళ్లు. పొద్దున్న నేను బయల్దేరే వేళకి వరండాలోనే పళ్లు తోముకుంటూ, బట్టలు పిండుకుంటూ, చొక్కాల్లేకుండా తల దువ్వుకుంటూ ఉంటారు. నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఎప్పుడైనా పని మీద నేను అటు వెళ్తే మాటలు ఆపేసి తలలు దించుకుంటారు. అందరూ అలా ఒక్కసారి ఆగిపోయినప్పుడు వాళ్ల మధ్యలోంచి నడవడం నా వల్ల కాదు. ఆ సంగతి నాన్నకి చెప్పమని అమ్మని అడిగాను. మామ్మని తోడు తీసుకుని దిగమన్నాడట. మామ్మ మోకాళ్లు పీట మీంచి లేవడానికే ఒప్పుకోవు.

అందుకని ఇంటి ప్రార్థన రోజు కోసం చూశాను. మా సంఘంలో ప్రార్థనకి ముందు అయ్యగారు మనవులు అడుగుతారు. ఎవరికి ఏం కావాలో చెబితే, అందరూ తలవంచి దాని కోసం ప్రార్థిస్తారు. ఎవరూ ఎదురు మాట్లాడరు, ఎందుకు అడిగావని తరవాత తిట్టరు. నేను ఏదైనా పైకి చెప్పగలిగిన చోటు అదొక్కటే అనుకున్నాను. వారమంతా చెప్పాల్సిన రెండు వాక్యాలూ దుప్పటి కింద పెదాలతో చెప్పి చూసుకున్నాను.

పాట అయింది. మనవులు మొదలయ్యాయి. మార్తమ్మ పెద్దమ్మ తన కొడుకు వేస్తున్న లేఅవుటుకి అనుమతి రావాలని అడిగింది. ఆమె కోడలు, తమ స్థలానికి అడ్వాన్సు ఇచ్చినవాళ్లు వెనక్కి పోకూడదని అడిగింది. హద్దురాయి జరిపిన పొరుగువాడి మనసు మారాలని ఒకామె అడిగింది. అమ్మగారు, తగరపువలసలో ఉన్న తన తమ్ముడికి అందుబాటు ధరలో ఇల్లు దొరకాలని అడిగారు. నాన్న, ఈ గదికి మాట్లాడుకున్న పార్టీ సోమవారం తప్పకుండా దిగాలని అడిగాడు.

ఇంకెవరికైనా ఉన్నాయా అని అయ్యగారు అడిగారు.

"ఈ గది అద్దెకి ఇవ్వకూడదని ప్రార్థన చెయ్యండి అయ్యగారూ" అన్నాను.

ఆయనకి వినబడలేదు. కొంచెం గట్టిగా చెప్పమన్నారు. ఎంత గట్టిగా చెప్పాలో నాకు తెలియలేదు.

"ఈ గది ఇవ్వకూడదని. ఇదిచ్చేస్తే ఆ మగవాళ్ల మధ్యలోంచి నేను కాలేజీకి వెళ్లలేను."

తలుపు అవతల మధ్య గదిలో ఫోన్లో మోగుతున్న పాట ఆగిపోయింది. గదిలో అందరూ నావైపు తిరిగారు.

మార్తమ్మ పెద్దమ్మే ముందు నవ్వింది. "ఓలమ్మా, ఈ గుంటకి గొంతున్నాది. పుట్టినకాడినుంచి నానిదే ఇనడం" అంది. తరవాత నా చెయ్యి పట్టుకుంది. "పోనీ పరీక్షలయ్యేదాకా మా యింటికి తెచ్చుకుందును తల్లీ. మా వసారా కూడా ఇచ్చీసినాం. నానే కోడలి మంచం పక్కన సాప ఏసుకుని పడుకుంటన్నాను. అది నిద్దట్లో కాలు దించితే నా మొహం మీదే."

కోడలు సిగ్గుపడింది. అమ్మగారు, పాస్టరింటి పక్క గదిలో ఇంజనీర్లు ఉన్నారని చెప్పారు. మిగతావాళ్లు కూడా తమ తమ ఇళ్లని మనసులో ఒక్కో గదీ చూసుకుని వచ్చినట్టు కాసేపు ఆలోచించి, చోటు లేదన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఎవరింట్లోనూ ఒక మనిషి పడుకునే చోటు మిగల్లేదు.

అయ్యగారు ప్రార్థన చేశారు. మనవులన్నీ వరసగా దేవుడికి చెప్పారు. నాన్న పార్టీ క్షేమంగా దిగాలన్నారు. ఈ బిడ్డకి దారి చూపించమన్నారు. నేను ఒక కన్ను తెరిచి చూస్తే నాన్న కళ్లు మూసుకోలేదు. నన్నే చూస్తున్నాడు.

ఆ రాత్రి నాన్న చాపలు తనే చుట్టి గోడకి ఆనించాడు.

మర్నాడు ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద, ఏసుదానం కూతురు అద్దెవాళ్లకి భయపడుతోందట అనే మాట మా ముందే అటూ ఇటూ తిరిగింది. ఆ రోజు ప్లాటు దగ్గరికి వెళ్లలేదు. సాయంత్రం గణపతిరావు సందు చుట్టూ తిరిగి పెరటి తలుపు దగ్గరికి వచ్చాడు. ఆ ఏడుగురినీ పనిలోకి తీసుకెళ్లే మేస్త్రీ ఆయన. చెప్పులు విడిచి గడప బయటే నిలబడ్డాడు.

"పాప మాట మా వోళ్లు ఇన్నారండి" అన్నాడు నాన్నతో. "పాప కాలేజీకెల్లే టైముకి ఆళ్లు గదుల్లోకెల్లి తలుపులేసుకుంటారు. నాను సెప్పినాను. వరండా ఖాళీగా ఉంటాది. పంపించండి."

నేను తలుపు వెనక ఉండి విన్నాను. ప్రార్థన నిజంగా పని చేసిందనుకున్నాను. అమ్మ ఆయనకి టీ ఇచ్చింది. ఆయన నిలబడే తాగి వెళ్లిపోయాడు.

నాన్న సందు చివరి వరకూ ఆయన్ని చూసి, తలుపు మూసి, అమ్మతో అన్నాడు.

"సూసినావా? పరాయివోడొచ్చి నా గుమ్మంలో నిలబడి, నా కూతురు ఎప్పుడెల్లాలో సెప్తన్నాడు."

"ఆయన మంచికే సెప్పినాడు కదా" అంది అమ్మ.

"మంచికే. కాదన్నేదు. ఇది అంతమంది ముందు భయమనీసినాది. రేపు నాను దీన్ని మెట్లు దింపితే, అద్దె కోసం ఆడపిల్లని ఆళ్ల మధ్యకి తోలినాడంటారు. ఇంట్లో ఉంచితే ఎవుడూ ఏటీ అనడు."

"అయితే గది ఇయ్యడం మానీరా" అంది మామ్మ మంచం మీంచి.

"అడ్వాన్సు తీసుకున్నానమ్మా. వాయిదా కట్టీసినాను" అన్నాడు నాన్న. అప్పటికి ఆయన గొంతు తగ్గిపోయింది. నావైపు చూడకుండానే, పుస్తకాలు ఎక్కడున్నా చదువుకోవచ్చని, పరీక్షలకి తనే బండి మీద తీసుకెళ్తానని చెప్పాడు. నేను భయమనలేదు. వెళ్లలేనన్నాను. ఆ రెండింటికీ తేడా ఉందని చెప్పాలనుకున్నాను. నోరు తెరిస్తే మళ్లీ ఏమవుతుందోనని చెప్పలేదు.

సోమవారం సామాన్లు మేడ మీదికి చేరాయి. మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఏడుగురిలో నలుగురు మోసుకొచ్చారు. "ఎక్కించడానికి నలుగురొచ్చినారు. మళ్లీ దింపడానికీ నలుగురే వస్తారు, అప్పుడు నాను కూసోను" అంది మామ్మ. వాళ్లకి తెలుగు సరిగ్గా రాదు, మామ్మ నవ్వుతోంది కదా అని నవ్వారు. వాళ్లలో ఒకతను నా పుస్తకాల పెట్టె తెచ్చి, నేను లోపల ఉన్నానని గుమ్మం బయటే పెట్టి వెళ్లాడు.

మధ్యాహ్నం ఇంజనీరుగారు, ఆయన భార్య వచ్చారు. గది అప్పగించడానికి అమ్మ వెళ్తూ, బిందె పట్టుకోమని నన్నూ తీసుకెళ్లింది. ఆవిడ మంచి మనిషిలా ఉంది. నా పేరు అడిగింది. మెర్సీ అని అమ్మ చెప్పింది. ఆవిడ పెరటి తలుపు తీసి సందు చూసి, బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగింది. ఈ తలుపు కోసమే ఇంత అద్దెకి ఒప్పుకున్నామని, ముందు నుంచి తిరగాలంటే తనకి ఇబ్బందని అంది. అమ్మ తల ఊపింది.

షెడ్డులో రేకులు సాయంత్రం దాకా వేడి దిగలేదు. ఒక్క తలుపు, అదీ మెట్ల మీదికి. కిటికీ పెట్టే చోట ఇటుకలు వదిలేసి, రేకు ముక్క కొట్టారు. నాన్న మిషను దాని కింద పెట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున్నే లేచి జడ వేసుకున్నాను. యూనిఫాం వేసుకుని సంచి భుజాన తగిలించుకున్నాను. నాన్న పాలకని కిందికి వెళ్లాడు. అమ్మ చూసింది. నేను షెడ్డు బయటికి వచ్చి పిట్టగోడ మీంచి కిందికి చూశాను. కుళాయి దగ్గర ఉన్నవాళ్లు బకెట్లు పట్టుకుని లోపలికి వెళ్తున్నారు. ఒక తలుపు వేసిన చప్పుడు వినిపించింది, తరవాత ఇంకోటి. గణపతిరావు చెప్పినట్టే వాళ్లు చేశారు. వరండా ఖాళీ అయింది. తడి కాళ్ల గుర్తులు తప్ప అక్కడ ఏమీ లేదు.

మెట్ల దగ్గర అమ్మ నిలబడి ఉంది.

"అమ్మా, ఎవరూ లేరు. నేను దిగుతాను" అన్నాను. ఈసారి నా గొంతు బాగానే వచ్చింది.

అమ్మ కిందికి చూసింది. వీధి గుమ్మంలో పాల గిన్నె పట్టుకుని నాన్న నిలబడి ఉన్నాడు. రోడ్డుకి అవతల మార్తమ్మ పెద్దమ్మ చీపురు చేతిలో పట్టుకుని మా వరండాకేసే చూస్తోంది.

"నాకు భయం లేదమ్మా. నాన్నకి చెప్పు."

"ఇయ్యాలకి ఉండిపో" అంది అమ్మ. నా భుజం మీద చున్నీ సరిచేసింది. సంచి నా చేతిలోంచి తీసుకోలేదు. నన్ను షెడ్డు గుమ్మంలోకి నెమ్మదిగా వెనక్కి నడిపించి, తను ఒక మెట్టు కిందికి దిగి, రేకు తలుపు దగ్గరికి లాగి, బయట గడియ పెట్టింది.