కొంగల పాటలో నాలుగో గొంతు

మెట్లు ఎక్కుతున్నాను. కాకినాడ రామారావుపేటలో ఇందుమతి వాళ్ల మేడ మెట్లే ఇవి, పక్కగోడను ఆనుకుని ఇరుగ్గా పైకి పోయే మెట్లు, కానీ ఎంత ఎక్కినా మేడ రావడం లేదు, గోడకు సున్నం ఉండాల్సినచోట కొబ్బరిపీచు పరిచినట్టు మెత్తగా ఏదో చేతికి తగులుతోంది, నా అడుగుల చప్పుడు నాకే వినిపించడం లేదు. పైనుంచి మాత్రం రికార్డు తిరుగుతున్న చప్పుడు వస్తోంది. పాట కాదు అది, పాటకు ముందు ముల్లు గీతలోకి దిగినప్పుడు వచ్చే సన్నటి గరగర. ఈరోజు ఆదివారం అనుకుంటాను. ఆదివారమైతే అందరూ వచ్చేసి ఉంటారు, ఆలస్యమైందని ఇందుమతి మూతి ముడుచుకుంటుంది, అనుకుంటూ ఎక్కుతున్నాను. ఇందుమతి చచ్చిపోయిందని నాకు తెలుసు. తెలిసినా, వాన పడుతోందని తెలిసి గొడుగు లేకుండా బయల్దేరినట్టు, ఆ సంగతి పక్కన పెట్టేసి నడుస్తున్నాను.

ఎప్పుడు చేరానో తెలియదు, గదిలో ఉన్నాను. ఆమె నేల మీద కాళ్లు చాపుకుని రికార్డు ప్లేయరు ముందు కూర్చుని ఉంది. బూడిదరంగు మంగళగిరి చీర, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. చుట్టూ అట్టల సంచుల్లో రికార్డులు. కిటికీలోంచి వచ్చే వెలుగు పొద్దుటిదో సాయంత్రానిదో తేల్చుకోలేకుండా ఉంది.

మేమిద్దరం ఒకే కాలేజీలో పాఠాలు చెప్పాం. ఆమె వృక్షశాస్త్రం, నేను తెలుగు. మమ్మల్ని కలిపింది మాత్రం కాలేజీ కాదు, పాటలు. పెద్ద పెద్ద గాయకుల పాటలు కాదు, వాళ్ల గురించి మాట్లాడుకోవడానికి లోకమంతా ఉంది. అరవైల్లో మద్రాసులో చిన్నచిన్న కంపెనీలు వేసిన ప్రైవేటు పాటలు, వాటికి వరస కట్టినవాళ్లు, వాద్యాలు కూర్చినవాళ్లు, కోరస్‌లో నిలబడి పాడి బస్సెక్కి ఇళ్లకు వెళ్లిపోయినవాళ్లు, వీళ్లే మాకు కావలసినవాళ్లు. జోగారావు గారని ఒకాయన పాత సామాన్ల కొట్లు తిరిగి రికార్డులు పట్టుకొచ్చేవారు. ఆదివారం పొద్దున్నే ఈ మేడగదిలో చేరి వినేవాళ్లం, ఫలానా చోట వయొలిన్ ఎవరిదని, ఫలానా రాగంలో ఆ విరుపు ఎవరు చెప్పి ఉంటారని కాఫీలు చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్లం.

అన్నిటికంటే పెద్ద వాదన వల్లరి బృందం మీద. తాయారు, సుగుణ, మేరీ అని ముగ్గురు ఆడవాళ్లు, డిక్రూజ్ మాస్టారని వాద్యాలు కూర్చే గోవా ఆయన. కాసిని రికార్డులు వేసి మాయమైపోయారు. వాళ్ల ఆఖరి రికార్డును మేం కొంగల పాట అనేవాళ్లం. తెల్లకొంగలు బారులు తీరి కొల్లేటి మీదుగా వెళ్లే పాట అది. దాని రెండో చరణంలో ముగ్గురి వెనక నాలుగో గొంతొకటి సన్నగా లేస్తుంది. రికార్డు మీద ఉన్న పేర్లు మూడే. వేరే ఎవరో ఉన్నారని ఇందుమతి, ఆ ముగ్గురిలో ఒకరే రెండుసార్లు పాడారని నేను, ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాం. కిందటి శ్రావణంలో ఒక శనివారం పొద్దున్న ఫోన్ చేసి, "తెలిసిందే హైమా. రేపు రా, చెప్తాను" అంది. ఆ సాయంత్రం గుండె ఆగిపోయింది. మర్నాడు వెళ్లాను, అందరితోపాటు.

ఇప్పుడు ఎదురుగా ఉంది కదా, అడగాలని నోరు తెరుస్తాను. గాలి తప్ప ఏమీ రావడం లేదు. అప్పుడు గుర్తొస్తుంది, నా స్వరపేటిక మీద కణితి వస్తే తీసేశారు, వారందాకా గుసగుసలు కూడా ఆడొద్దన్నారు డాక్టరు గారు, ఆ తర్వాత గొంతు ఎంతవరకు వస్తుందో అప్పుడే చెప్పలేమన్నారు. గొంతు మీద చెయ్యి వేసుకుంటాను. వేళ్లకు చర్మం తగలడం లేదు. బావి లోపలికి చెయ్యి పెట్టినట్టు చల్లగా ఉంది. చెయ్యి లాగేసుకుంటాను.

ఇందుమతి ఇదేమీ పట్టించుకోవడం లేదు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచి, అంతా వచ్చేశారు, నీకోసమే ఆగాం అంటోంది. వంటింట్లోకి ఉండే తలుపు తోస్తుంది. అవతల వంటిల్లు లేదు.

పెద్ద గది. నాలుగు గోడలకూ కంబళ్లు వేలాడుతున్నాయి, నేల మీద తివాచీ, పైకప్పు ఎక్కడుందో తెలియదు. మధ్యలో నిలువెత్తు కడ్డీకి ఒకే ఒక మైకు. దాని చుట్టూ మనుషులు నిలబడి ఉన్నారు. గట్టి గొంతువాళ్లు వెనగ్గా, సన్న గొంతువాళ్లు ముందుకు, ఆ రోజుల్లో అలాగే నిలబెట్టేవాళ్లని మేం ఎక్కడో విని సంబరపడిన సంగతి కళ్ల ముందు ఉంది. కానీ ఎవరికీ ముఖాలు లేవు. నల్లబల్ల మీది రాతను తడిగుడ్డతో తుడిస్తే మిగిలే తెల్లటి మరక ఉన్నట్టు, ముఖం ఉండాల్సినచోట అది ఉంది. మరకలన్నీ నా వైపు తిరుగుతాయి. వెనక్కి అడుగు వేస్తాను. వెనక తలుపు లేదు, కంబళి తగులుతోంది.

"భయపడకు. పేరు పెట్టి పిలిస్తే ముఖం వస్తుంది వీళ్లకి" అంటుంది ఇందుమతి. "ఇన్నాళ్లూ మనం చేసింది అదే కదా."

తాయారూ, అని పిలుస్తుంది. కుడివైపు మరకలోంచి ముక్కుపుడక మెరుస్తుంది, దాని చుట్టూ చామనఛాయ ముఖం, అలసిన కళ్లు. సుగుణా అంటే బుగ్గ మీద స్ఫోటకపు మచ్చలతో ఇంకో ముఖం. మేరీ అంటే పదహారేళ్లు కూడా నిండని పిల్ల, నవ్వబోయి ఆపుకుంటోంది. మైకు అవతల డిక్రూజ్ మాస్టారు వయొలిన్ కమాను పట్టుకుని తల పంకిస్తున్నారు. ఎన్నేళ్లు వెతికాం వీళ్లకోసం. ఒక్క ఫొటో దొరికితే చాలనుకున్నాం. కానీ ఒక్కొక్క ముఖం వస్తున్నకొద్దీ ఇందుమతి ముఖం పల్చబడుతోంది. ముందు కనుబొమలు పోయాయి. ఆమెకు తెలియడం లేదు. అదే హుషారుగా ఇంకెవరినో, తబలా ఆయనను, ఫ్లూటు ఆయనను పిలుస్తోంది. ఆపమని చెయ్యి పట్టుకుంటాను. చెయ్యి ఉంది కానీ బరువు లేదు.

అందరి వెనక, గోడ వైపు తిరిగి ఒక మనిషి నిలబడి ఉంది. ఆమెను ఎవరూ పిలవడం లేదు. వేలు చూపించి ఇందుమతిని అడుగుతాను.

"నువ్వన్నదే నిజం" అంటుంది ఇందుమతి. "ఆ రోజు ఫోన్ చేసి రమ్మన్నది ఇది చెప్దామనే. నాలుగో మనిషి లేదు. తాయారే. ఒకసారి పాడించి, అది వినిపిస్తూ దాని మీద మళ్లీ పాడించారు మాస్టారు. 'బారులు' అన్నచోట ఉన్నది 'ల' అయినా ఆవిడ నాలుక 'ళ' వైపు జారుతుంది, రెండు గొంతుల్లోనూ ఒక్కలాగే జారింది. పొద్దుటినుంచి అదే తిప్పితిప్పి విన్నాను."

నేను గెలిచాను. ఏళ్లుగా ఎదురుచూసిన మాట ఆమె నోట వచ్చింది. వేరేరోజైతే ఊరంతా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు నాకు తోస్తున్నది ఒక్కటే, నాలుగో మనిషి లేకపోతే గోడ దగ్గర ఉన్నది ఎవరు.

అది అడగకుండానే చెబుతోంది ఇందుమతి. పాడటం అయిపోయాక తాయారు ఒక గొంతుతోనే ఇంటికి వెళ్లిందట. రెండోది ఇక్కడే ఉండిపోయిందట. ఆ తర్వాత ఎక్కడ ఎవరి గొంతు పోయినా అది వచ్చి ఆ చోటే నిలబడుతుందట, ఒకరి తర్వాత ఒకరిది. వాన కురిస్తే నీళ్లు పల్లానికి పోతాయని చెప్పినంత మామూలుగా చెబుతోంది. నేను గోడ దగ్గరి మనిషినే చూస్తున్నాను. ఆమె కట్టుకున్నది చీర కాదు. ఆస్పత్రి వాళ్లిచ్చే లేతాకుపచ్చ గౌను, వీపు మీద నాడాలు. పై ముడి వదులుగా ఉంది. నా గౌనుకు కూడా పై ముడి వదులే.

గోడవైపే తిరిగి ఆమె మాట్లాడుతుంది. "కూర్చోండమ్మా. వెనక బెంచీ, వినపడుతోందా మీకు?"

అది నా గొంతు. ముప్ఫై ఏళ్లు మైకు లేకుండా ఎనభైమంది పిల్లలకు పద్యాలు చెప్పిన గొంతు, మా పిల్లల్ని వీధి చివరినుంచి అన్నానికి పిలిచిన గొంతు. అది నాలోంచి రావడం లేదు. అక్కడినుంచి వస్తోంది. పరిగెత్తాలని ఉంది, తివాచీ పాదాలను పట్టుకుని వదలడం లేదు.

గోడ మీద, రికార్డింగు మొదలైందని చెప్పే ఎర్రదీపం వెలుగుతుంది. అందరూ మైకు వైపు తిరుగుతారు, ఊపిరి తీసుకుంటారు. మాస్టారి కమాను పైకి లేస్తుంది.

ఇందుమతి నా చెవి దగ్గరికి వచ్చి తొందరగా చెబుతోంది. దీపం ఆరేలోగా దాన్ని వెనక్కి పిలుచుకోవాలట. ఆరిపోతే ఇక్కడిది ఇక్కడే.

"నీ పేరు పెట్టే పిలువు దాన్ని. నీకు ఒక్క మాటే వస్తుంది హైమా. పారేసుకోకు."

ఒక్క మాట. హైమవతీ అని పిలవాలి, అంతే. నన్ను నేను ఎప్పుడూ పిలుచుకోలేదు, ఎలా పిలవాలో కూడా తెలియదు. పొట్ట బిగించి ఊపిరి పీల్చుకుంటాను. గొంతులో, ఆ బావి అడుగున, ఏదో కదులుతోంది. ఇంక ఒక్క క్షణం. పిలవబోతూ పక్కకు చూస్తాను.

ఇందుమతికి ముఖం లేదు. తెల్లటి మరక. దాని మీద కళ్లజోడు ఒక్కటి నిలవలేక జారిపోతోంది.

"ఏవే" అంటోంది మరక లోపలినుంచి, చిన్నపిల్ల అడిగినట్టు. "దీపాలు తీసేశారా? నాకేం కనిపించడం లేదేంటి?"

తాయారు పాడుతోంది. సుగుణ, మేరీ అందుకుంటున్నారు. ఎవరూ ఇటు చూడటం లేదు. వాళ్ల పేర్లు వెతికి వెతికి పిలిచింది ఈ మనిషి, ఈ మనిషి పేరు వాళ్లలో ఒక్కరికీ తెలియదు. పాడినవాళ్ల పేర్లు రికార్డు మీద ఉంటాయి, కూర్చినవాళ్లవి కొన్నిసార్లు ఉంటాయి. విన్నవాళ్ల పేరు ఎక్కడుంటుంది. ఈ గదిలో ఆమె పేరు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఎర్రదీపం వణుకుతోంది. గోడ దగ్గరి మనిషి తల కొంచెం ఇటు తిప్పుతోంది, చెంప కనబడబోతోంది, దాని ముఖం చూస్తే నేను తట్టుకోలేనని నాకు తెలుసు. ఆలోచించడానికి లేదు. ఆలోచించి ఉంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ చెప్పలేను.

"ఇందుమతీ."

మాట లోపలినుంచి చీరుకుంటూ వస్తుంది. వీధి చివరికి పిలిచినట్టు పిలుస్తాను. పాట ఆగిపోతుంది. ఆమె ముఖం వస్తుంది, ఒక్కసారిగా, మొత్తం, పుట్టుమచ్చతో, ముక్కు పక్క కళ్లజోడు నొక్కిన గుంటలతో, వాదనలో ఓడిపోయినప్పుడు పెట్టే చిరాకుతో సహా. నన్ను చూస్తుంది.

"ఎందుకే, పిచ్చిదానా" అంటుంది.

దీపం ఆరిపోతుంది. చీకట్లో నా భుజం పక్కనుంచి ఎవరో రాసుకుంటూ వెళతారు, లేతాకుపచ్చ గుడ్డ చేతికి తగులుతుంది, అది వచ్చేదో పోయేదో తెలియదు, చెయ్యి చాచి ఇందుమతి కోసం తడుముతాను, కంబళ్లు, కంబళ్లు, మంచం కడ్డీ.

మంచం కడ్డీ చల్లగా ఉంది. గట్టిగా పట్టుకుని ఉన్నాను. కిటికీ తెర సందులోంచి మధ్యాహ్నపు ఎండ దుప్పటి మీద పడుతోంది. గొంతంతా పచ్చిగా మండుతోంది. చెయ్యి ఎత్తి తాకి చూసుకుంటాను. చర్మం ఉంది, వేడిగా, చెమటతో తడిసి ఉంది.

తలుపు దగ్గర డ్యూటీ నర్సు రొప్పుతూ నిలబడి ఉంది. చేతిలో సగం తిన్న అరటిపండు. లోపలికి వచ్చి నా మొహంలోకి వంగి చూస్తుంది.

"మాట్లాడొద్దన్నారు కదమ్మా" అంటుంది. "ఇందుమతి ఎవరండీ? మెట్ల దగ్గరున్నాను, అక్కడిదాకా వినపడింది."