రంగు పైసల బీరువా

నేను ఒక ఇనుప బీరువాను. నాకు అనుమానం ఎక్కువ. ఈ సంగతి మొదటే చెప్పేస్తే మంచిది. ఎవరైనా నా తలుపు తీసి ఒక కాగితం లోపల పెడితే, అది ఎందుకు పెట్టారా అని ఆలోచిస్తాను. తీసుకుపోతే, ఎందుకు తీశారా అని ఇంకా ఎక్కువ ఆలోచిస్తాను. ఇది నా తప్పు కాదు, నేను పుట్టిన తీరు అలాంటిది.

కరీంనగర్‌లో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేశారు. బేరం కుదిరిన రోజు షెడ్డు యజమాని వెల్డింగు మనిషితో అన్న మాట నాకింకా గుర్తుంది. "బిల్లుల ఇరవై గేజీ అని రాస్త. నువ్వు ఇరవై రెండు కొట్టు. బడికే గదా పోయేది, ఎవడు కొలుస్తడు?" గేజీ నంబరు పెరిగితే రేకు పలచన అవుతుందని మీకు తెలియకపోవచ్చు. ఎవరూ కొలవలేదు. కాగితం మీద నేను దిట్టమైన బీరువాను, నిజానికి వేలితో నొక్కితే సొట్టపడే బీరువాను. పుట్టగానే ఇంత తెలిసిపోయాక ఎవర్ని నమ్మమంటారు?

నా కడుపులో ఇంకో చిన్న లాకరు ఉంది. దాని తాళం మొదటి నుంచీ మొండిది. మూడుసార్లు తిప్పి, మోకాలితో ఒక తోపు తోస్తే గానీ తెరుచుకోదు. అందుకే ముఖ్యమైనవన్నీ అందులోనే పెట్టేవారు.

నన్ను తాటికుంటపల్లె ప్రాథమిక పాఠశాలకు తెచ్చిననాడు బడిలో నూట నలభై మూడు మంది పిల్లలు, నలుగురు పంతుళ్లు. కూర్చోవడానికి చోటు చాలక మూడో తరగతిని వరండాలో నడిపేవారు. హెడ్మాస్టరు సత్తయ్య సారు మంచివాడే గానీ, వస్తువులంటే మహా భయం. జిల్లా నుంచి ఒక గ్లోబు వస్తే, పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుందని కవరు విప్పకుండా నా పై అరలో పెట్టి తాళం వేశాడు. సారు ఉన్న పదిహేడేళ్లూ ఆ భూగోళం చీకట్లోనే ఉంది. సారు రిటైరైన రోజు లెక్క అప్పజెబుతూ, "ఇగో, చెక్కుచెదరలేదు" అని గర్వంగా చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టి, దాన్ని మళ్లీ నాలోనే పెట్టారు. మనుషుల మీద నాకు మొదటిసారి జాలి కలిగింది అప్పుడే.

తర్వాత ఊళ్లోకి పసుపు బస్సు వచ్చింది. మండల కేంద్రంలో పెట్టిన ఇంగ్లీషు మీడియం బడి బస్సు అది. మొదటి ఏడు నలుగురు ఎక్కారు, మరుసటి ఏడు ఇరవై మంది. నా మధ్య అరలో హాజరుపట్టీలు ఏటేటా సన్నబడుతూ వచ్చాయి. విచిత్రమేమిటంటే, పిల్లలు తగ్గేకొద్దీ సామాను పెరిగింది. బరువు తూచే యంత్రం వచ్చింది. మంట ఆర్పే ఎర్ర సిలిండరు వచ్చింది. గోడకు పెద్ద టీవీ వచ్చింది. చేతులు కడుక్కోవడానికి పన్నెండు కుళాయిలు కట్టారు. అప్పటికి బడిలో పిల్లలు పదకొండు మంది. ప్రతి దానికీ బిల్లు వచ్చి నాలో చేరేది, ప్రతి బిల్లునూ నేను అనుమానంగా చూసేదాన్ని. పన్నెండో కుళాయి ఎవరికోసమో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆ రోజుల్లోనే పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పిల్లలు తక్కువ ఉన్నారు కాబట్టి ఇద్దరు టీచర్లలో ఒకరిని వేరే బడికి సర్దుతున్నామని దాని సారాంశం. మిగిలింది నీలవేణి మేడం ఒక్కతే. ఐదు తరగతులకు ఒక్క మనిషి. ఆమె ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించే లోపల ఐదో తరగతి వాళ్లు కిటికీ ఎక్కేవారు. మీటింగుకో, జీతం పనికో మండలానికి పోతే ఆ పూట బడికి తాళమే.

సరిగ్గా ఆ నెలలోనే బడికి యాభై వేల రూపాయలు మంజూరయ్యాయి, గోడలకు రంగులు వేయించడానికి.

బడి కమిటీ చైర్మన్ బుచ్చిమల్లు ఆ కాగితం చూసి నవ్వాడు. అతని మనవడు రోజూ పసుపు బస్సులోనే పోతాడనుకోండి, కానీ బడి గురించి మాట్లాడాలంటే ఊళ్లో అతని తర్వాతే ఎవరైనా. "మేడం, టీచర్‌ను తీస్కపోయి రంగులిస్తున్నరా? రంగేస్తే గోడలు సదువు చెప్తయా?"

"గదే అడిగిన మల్లన్నా ఆఫీసుల," అంది మేడం. "రంగు పద్దు వేరట, టీచరు పద్దు వేరట. దీంట్లది దాంట్లకు పెట్టొద్దట. వచ్చే ఏడు పదిమందికి తక్కువైతే బడి ఎత్తేస్తరట."

బడి ఎత్తేస్తే పిల్లలు పక్క ఊరి బడికి పోవాలి. మధ్యలో హైవే. గ్రానైటు బండలు మోసుకుంటూ లారీలు పగలంతా ఆ దారినే పోతాయి. బస్సు ఫీజు కట్టగలిగినవాళ్లకు ఆ బాధ లేదు. మిగిలిన పదకొండు మంది కూలీల పిల్లలు. ఐదేళ్ల వాళ్లు ఆ రోడ్డు దాటాలి. ఆ మాట అన్నప్పుడు మేడం గొంతు వణికింది. నేను మాత్రం ఆ వణుకును కూడా నమ్మలేదు. ఎందుకంటే బడి మూతపడితే లాభం ఆమెకే. టౌనుకు దగ్గరగా బదిలీ అవుతుంది, రెండు బస్సులు మారే పని తప్పుతుంది. లాభాన్ని కాదనుకునే మనిషి వెనక ఇంకేదో పెద్ద లాభం ఉండి తీరుతుందని నా లెక్క.

నా లెక్క నిజమేననిపించే రోజు త్వరలోనే వచ్చింది. మేడం హార్డ్‌వేర్ దుకాణం నుంచి ఒక ఖాళీ బిల్లు తెచ్చింది. కింద దుకాణం ముద్ర ఉంది, పైన ఏమీ లేదు. నా పక్కనే బల్ల మీద పెట్టుకుని తన చేత్తోనే రాసింది: తెల్ల రంగు ఇన్ని డబ్బాలు, నీలం ఇన్ని, బ్రష్షులు, కూలి, మొత్తం యాభై వేలు. బుచ్చిమల్లు సంతకం పెట్టాడు. బ్యాంకులోంచి డబ్బు వచ్చింది. గోడల మీద మాత్రం చుక్క రంగు పడలేదు.

దొరికావమ్మా అనుకున్నాను! ఇరవై ఎనిమిదేళ్లుగా బిల్లులు చూస్తున్న బీరువాను నేను. నాకు ఎంత కోపం వచ్చిందో, ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. అనుమానం నిజమైతే కలిగే సంతోషం అనుమానపరులకే తెలుస్తుంది.

జూన్‌లో స్వరూప అనే అమ్మాయి బడికి రావడం మొదలుపెట్టింది. ట్రాక్టరు నడిపే ఒకతని భార్య, ఊరి కోడలే. టీచర్ ట్రైనింగు చేసి ఉద్యోగం రాక ఇంట్లో ఉంది. ఆమె ఒకటి, రెండు తరగతులను పట్టుకుంది. అందరికంటే ముందు ఆమె చేసిన పని ఏమిటో తెలుసా? నా పై అర తీసి, గ్లోబు కవరు చింపేసి, పిల్లల మధ్య నేల మీద పెట్టింది. నెల తిరిగేసరికి దాని మీద సముద్రాలు సగం చెరిగిపోయాయి. పిల్లలు మాత్రం ఎక్కాలు అరిచి చెబుతున్నారు, తెలుగు పుస్తకం తడుముకోకుండా చదువుతున్నారు. దసరా నాటికి పసుపు బస్సు దిగి ముగ్గురు వెనక్కి వచ్చారు. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి హాజరుపట్టీలో పందొమ్మిది పేర్లు.

ప్రతి నెలా మొదటి తారీఖున మేడం స్వరూపకు ఐదు వేలు ఇచ్చేది. ఇచ్చి ఒక చీటీ రాయించుకునేది: 'ఒకటి, రెండు తరగతులకు చదువు చెప్పినందుకు ఐదు వేలు ముట్టినవి, స్వరూప'. ఆ చీటీని నా లాకరులో పెట్టేది.

"గీ చీటీలు ఎందుకు మేడం? మీకు నా మీద నమ్మకం లేదా?" అని ఒకసారి స్వరూప అడిగింది.

"నీకోసం కాదు స్వరూపా. రేపు ఎవరన్న అడిగితే, రూపాయి నేను తినలేదని చూపియ్యాలె గదా."

ఈ మాట నేను చెవులారా విన్నాను. విని కూడా ఏమనుకున్నానో తెలుసా? ఇంకెవరో వింటారని అలా అంటోంది అనుకున్నాను. గదిలో వాళ్లిద్దరూ, నేనూ తప్ప ఎవరూ లేరు.

ఏప్రిల్‌లో ఎవరో జిల్లాకు ఉత్తరం రాశారు. తాటికుంటపల్లె బడిలో రంగుల డబ్బు మాయమైందని. పసుపు బస్సు వాళ్ల పనేనని నా అనుమానం. రుజువు లేదు. ఒక విచారణ అధికారి జీపులో వచ్చాడు. గోడలు చూశాడు, బిల్లు చూశాడు. బుచ్చిమల్లును పిలిచాడు.

"నాకేం ఎరుక సారు," అన్నాడు బుచ్చిమల్లు. "మేడం సంతకం పెట్టుమన్నది, పెట్టిన. నేను సదువుకున్నోణ్ణా?"

అంతే చెప్పి చేతులు దులుపుకున్నాడు. అధికారి నా దగ్గరికి వచ్చాడు.

"ఈ లాకర్‌లో ఏముంది మేడం?"

మేడం నాకు అడ్డంగా జరిగింది. "తాళం సరిగ్గ తెరుచుకోదు సార్," అంది మెల్లగా. మొదటిసారి ఆమె కళ్లలో భయం చూశాను. చూడగానే నాలో పాత కోపమంతా లేచింది. అధికారి తాళం చెవి పెట్టి తిప్పాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనిది, మొదటి తిప్పుకే తెరుచుకున్నాను. దొంగను పట్టించాలన్న తొందర నాది.

పది చీటీలు బయటపడ్డాయి. ఆయన ఒక్కొక్కటీ చదివాడు. స్వరూపను పిలిచి అడిగాడు. ఒకటో తరగతి పిల్లను పిలిచి చదివించాడు. చివరికి మేడం వైపు తిరిగాడు.

"ఈ చీటీలు లేకుంటే, రంగులు ఇంకా వేయించలేదు, వేసవి సెలవుల్లో వేయిస్తానని మీరు రాసివ్వొచ్చు మేడం. నేను గడువిచ్చి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు ఇవి చూసి చూడనట్టు పోలేను. మీరు తినలేదని నాకు తెలుసు. కానీ రంగు పద్దులోంచి జీతం ఇచ్చారు. అది దుర్వినియోగం కిందికే వస్తుంది."

"మరి జీతం పద్దు ఎక్కడుందో చెప్పున్రి సార్," అంది మేడం. "దాంట్లకెంచే ఇస్తుంటి."

ఆయన తల దించుకుని పంచనామా రాసుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది ఆమె కళ్లలో భయం దేనికో, నేను ఎంత ఘోరంగా పప్పులో కాలేశానో. నా కడుపులో వందల బిల్లులున్నాయి. ముద్రలు, సంతకాలు అన్నీ సక్రమంగా ఉన్నాయి. వాటిలో చివరి పైసా వరకూ పిల్లలకు చేరినది ఆ ఒక్క దొంగ బిల్లే. దాన్నే నేను పట్టించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మేడం యాభై వేలు తన చేతినుంచి తిరిగి కట్టింది. ఆమె ఇంక్రిమెంటు ఆపి, టౌను పక్క బడికి బదిలీ చేశారు. స్వరూపను రావద్దన్నారు. చెప్పేవాళ్లిద్దరూ పోయేసరికి తల్లిదండ్రులు అప్పు చేసైనా పిల్లల్ని పసుపు బస్సు ఎక్కించారు. జూన్‌లో బడి తెరిచేసరికి పందొమ్మిది మందిలో నలుగురు మిగిలారు. ఆగస్టులో ఆ నలుగురినీ హైవే అవతలి బడికి పంపి, మా బడికి తాళం వేశారు. ఆ తర్వాత వారానికి రంగుల వాళ్లు వచ్చారు. మేడం కట్టిన డబ్బు రంగు పద్దులోనే జమైంది కదా, ఖర్చు పెట్టాలి. గోడలన్నీ నీలంగా చేశారు. తలుపు పక్కన పలక పట్టుకున్న పాప బొమ్మ వేశారు. నన్ను ట్రాలీలోకి ఎక్కిస్తున్నప్పుడు ఆ పాప ముఖం ఇంకా తడిగా ఉంది.

ఇప్పుడు నేను మండల విద్యా కార్యాలయంలో ఉన్నాను. మూసేసిన ఐదారు బళ్ల బీరువాలం వరుసగా నిలబడి ఉంటాం. బిల్లులు, విచారణ ఫైలు, ఆ పది చీటీలతో సహా అన్నీ నాలోనే ఉన్నాయి.

మొన్న స్వరూప వచ్చింది. పసుపు బస్సు బడిలో టీచరు ఉద్యోగం ఉందట. అనుభవ పత్రం తెమ్మన్నారట. క్లర్కు దామోదర్ మంచివాడే, విసుక్కోకుండా నన్ను తెరిచి వెతికాడు. టీచర్ల హాజరుపట్టీలో ఆమె పేరు లేదు. జీతాల రిజిస్టరులో లేదు. చివరికి విచారణ ఫైలు తీసి చదివాడు.

"ఉన్నవమ్మా, దీంట్ల ఉన్నవ్," అన్నాడు ఇబ్బందిగా. "కానీ టీచర్ అని లేదు. రంగు పైసలు పక్కదారి పట్టినయ్ అని, అవి పోయిన జాగల నీ పేరు రాసిన్రు. దీన్ని పట్టుకొని సర్టిఫికెట్ ఎట్ల ఇయ్యాలె?"

"చీటీలున్నయి గద సార్. సదువు చెప్పిన అని రాసి సంతకం పెట్టిన."

"అవి సాక్ష్యమమ్మా. దుర్వినియోగానికి సాక్ష్యం. వేరే పనికి వాడొద్దు."

స్వరూప కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పందొమ్మిది మంది ఉండిరి సార్," అంది. "అందరికీ సదవొచ్చు. కావాలంటే పిలిచి అడుగున్రి." ఆమె కాసేపు నిలబడి వెళ్లిపోయింది. దామోదర్ ఫైలు కట్టి నాలో పెట్టి, తలుపు మూసి తాళం తిప్పాడు. ఆ అమ్మాయి నిజంగా పాఠం చెప్పిందనడానికి ఈ ఆఫీసులో నేనొక్కదాన్నే సాక్షిని, నన్నెవరూ అడగరు.