నోటి నుంచి నోటికి

శుక్రవారం మధ్యాహ్నం నేను రొయ్యల్లాంటి క్రాఫిష్‌ల డొప్పలు ఒలుస్తుంటే, బల్లకు ఆ చివర నా భర్త వెర్నన్ ఆదివారం గుడిలో చెప్పబోయే ప్రసంగం వల్లె వేస్తున్నాడు. రేపో మాపో మా కేథలిక్ గుడిలో డీకన్, అంటే పెళ్ళయినవాళ్ళూ కాగలిగే ఉపగురువు, కాబోతున్నాడు మరి.

"క్రీస్తు ప్రభువు పుస్తకం రాయలేదు. మాట చెప్పాడు. దాన్ని మనుషులు మనుషులకు అందించారు. అందుకే పరిశుద్ధ గ్రంథంతో పాటు పవిత్ర పారంపర్యమూ కావాలి. ఎలా ఉంది కొరీన్?"

"బాగుంది," అన్నాను.

బాగానే ఉంది. బైబిలు తప్ప మరొకటి ఒప్పుకోని బాప్టిస్టు ఇంట్లో పుట్టిన ఈ మనిషే పెళ్ళికి ముందు "జపమాల బైబిల్లో ఎక్కడుందో చూపించు" అని నన్ను వేపుకు తిన్నాడు. నేను వాదించలేదు, నేర్పాను. పిండి చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని సిలువ గుర్తు వేయించాను. కుడి భుజం వైపు ముందు పోతే ఎడమకు లాగాను. మా చిత్తడి నేలల బయూ ఫ్రెంచిలో మరియమ్మ జపం చెప్పబోయి నాలుక తిరగక ఆయన నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని. మా అత్తగారు మాత్రం, "వాడికి నువ్వు మతమిచ్చావు, నీ చేతికి వాడు కాఫీ గిన్నె ఇచ్చాడు," అని దెప్పేది.

"నాకీ విశ్వాసాన్ని అందించింది నా గురువులైన ఫాదర్లు," అని ముగించాడు.

"మరి నేను?"

"అవి వంటింటి అలవాట్లు బంగారం. పారంపర్యమంటే అపొస్తలుల నుంచి బిషప్పుల దాకా వచ్చింది. రెంటికీ ముడిపెట్టకు. కాఫీ పెట్టు, ఫాదర్ వచ్చేస్తాడు."

తేడా నాకు తెలియక కాదు. కానీ నాకు సిలువ గుర్తు నేర్పిన మా అమ్మమ్మ దాన్ని తనే కల్పించిందా? అపొస్తలుల దాకా వెనక్కి నడిస్తే దారిలో ఎన్ని వంటిళ్ళు తగులుతాయి! ఒళ్ళు మండింది. కాఫీ పొంగి పొయ్యి మీద పడింది, తుడవలేదు.

ఫాదర్ గిడ్రీ వచ్చి కూర్చోగానే, "భార్య ఒప్పుకుంటేనే బిషప్ గారు అభిషేకిస్తారు," అన్నాడు.

"తనదేముంది ఫాదర్, ఒప్పుకున్నట్టే," అన్నాడు వెర్నన్.

"ఆమెనే అడగాలి. నియమం."

నేను చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

"ఒప్పుకోను ఫాదర్. ఈయనకు విశ్వాసం ఎవరి నోటి నుంచి అందిందో ఆదివారం గుడిలో చెప్పమనండి. ఆ తర్వాత అడగండి."

ఫాదర్ తల తిప్పి వెర్నన్ వైపు చూశాడు. వెర్నన్ నా వైపు చూశాడు, పెళ్ళయ్యాక మొదటిసారి, నేనేం జవాబిస్తానో ముందే తెలియని మనిషిలా.