కొంగు ముడిలో చెనక్కాయ పప్పు

మా అత్త పుష్పవల్లి కొంగు ముడిలో ఒక చెనక్కాయ పప్పు ఉంది. అది నా కూతురు దర్శిని కడుపులోంచి వచ్చిందట. దర్శినికి పది నెలలు, ఉన్నవి రెండే పళ్ళు. ఇంతవరకూ చెనక్కాయ రుచే ఎరగదు.

నిన్న పొద్దున్నుంచి బిడ్డ కాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఒకటే ఏడుపు. కాసేపు ఊరుకుంటుంది, మళ్ళీ మొదలు. స్కాన్ తీయిద్దామన్నాను.

"పాలు తాగే బిడ్డకి స్కానేంది? తొక్కం పడుండాది. కుప్పమ్మ తీస్తాది" అని అత్త మా ఊరు తిరుత్తణిలోనే ఒక సందులోకి లాక్కుపోయింది. తిన్నది కడుపులో ఇరుక్కుంటే మా వైపు తొక్కం అంటారు. కుప్పమ్మ బిడ్డ పొట్ట మీద గొట్టం ఆనించి, నోటితో పీల్చి, అరచేతిలోకి ఆ పప్పు ఉమ్మింది. అత్త దాన్ని ప్రసాదంలా ముడేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ పొద్దున బిడ్డ గుడ్డలో రక్తం కలిసిన జిగురు కనబడింది. ఎవరినీ అడగలేదు. బిడ్డను భుజాన వేసుకుని తిరువళ్ళూరు రైలెక్కాను. అత్త సణుగుతూ వెనకే ఎక్కింది.

ఆసుపత్రిలో డాక్టర్ గోపాలన్ బిడ్డ పొట్టకు జెల్ రాసి స్కాన్ పెట్టాడు. తెర మీద చక్రంలో ఇంకో చక్రం కనబడింది.

"పేగులోకి పేగు దూరింది. నొప్పి ఎప్పటినుంచి?"

"ఈ పొద్దున్నుంచే సార్" అంది అత్త, నాకంటే ముందు.

"అబద్ధం సార్! నిన్న పొద్దున్నుంచి. తొక్కం తీయిస్తానని ఒక దినమంతా పోగొట్టింది."

"నోరుముయ్యే! నలుగురి ముందర నా పరువు తీస్తావా?"

"నీ పరువా పెద్దది, నా బిడ్డ పేగా?"

"ఇద్దరూ ఆపండి" అన్నాడు డాక్టర్. "ఇంకా ఆలస్యమై ఉంటే పేగు కుళ్ళేది. ఇప్పటికి రక్తం ఆడుతోంది. కింద నుంచి సెలైన్ పంపించి, స్కాన్‌లో చూస్తూ పేగును వెనక్కి నెడతాం. రాకపోతే ఆపరేషనే."

నర్సు నన్ను బిడ్డ చేతులు పట్టుకోమంది. పట్టుకున్నాను. నిన్న కుప్పమ్మ ఇంట్లోనూ ఈ చేతుల్ని పట్టుకున్నది నేనే. బిడ్డ గింజుకుంటుంటే ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆ సంగతి డాక్టర్‌కు చెప్పలేదు.

తెర మీద చక్రం కొద్దికొద్దిగా వెనక్కి జరిగింది. చివరికి కనబడకుండా పోయింది. "వచ్చేసింది" అన్నాడు డాక్టర్. నేను బిడ్డ అరచేతుల్లో ముఖం పెట్టి ఏడ్చేశాను.

బయటికి వచ్చేసరికి అత్త నా మొగుడు హేమనాథ్‌తో ఫోన్‌లో మాట్లాడుతోంది.

"నిన్న తొక్కం తీయించినాను గాబట్టే ఇంత సులువుగా వచ్చేసింద్రా. లేకుంటే కోసేసుందురు."

"సిగ్గులేదా అత్తా? నువ్వు చేసిన పనికి బిడ్డ చచ్చుండేది!" అని అరిచాను. వరండాలో అందరూ మా వైపు తిరిగారు.

అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. ఫోన్‌లోకే అంది: "నిన్న బిడ్డ చేతులు కదలకుండా పట్టుకునింది ఎవురో, నీ పెండ్లాన్నే అడుగు."

ఫోన్ నా చేతిలో పెట్టింది. అటునుంచి హేమనాథ్ "నివేదా, నువ్వూ పోయినావా?" అంటున్నాడు.